తీగ ముందు, పికప్పు తరువాత



ఈ నెల మన శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఒక తండ్రి వ్రాసిన ఉత్తరానికి జవాబు వ్రాస్తున్నాను. ఆయన కుమారుడు ఇంటర్మీడియెట్ రెండవ సంవత్సరం చదువుతున్నాడు. ఆదివారం ఆరాధనలో యౌవనస్థుల పాటలకు గిటారు వాయిస్తాడు. సాయంత్రాలు ముగ్గురు స్నేహితులతో కలిసి హెవీ రాక్ సంగీతం సాధన చేస్తాడు. ఆ సంగీతం కోసం గిటారు శ్రుతిని బాగా క్రిందికి దింపుతున్నాడట. దింపినప్పుడల్లా శబ్దం ముద్దగా వస్తున్నదని, అందుకు క్రొత్త గిటారు కావాలని, అది కుదరకపోతే కనీసం క్రొత్త పికప్పులైనా కొనిపెట్టమని అడుగుతున్నాడు.

"రెండేళ్ళ క్రితమే చిట్టీ పాడి గిటారు కొనిచ్చాను. ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాడు. కాదంటే అలిగి అన్నం మానేస్తున్నాడు. అవునంటే వాళ్ళ చెల్లెలి ఫీజు ఆగిపోతుంది. అసలు ఈ పికప్పు అంటే ఏమిటి? అది నిజంగా అవసరమా, లేక వయసు కోరికా?" అని ఆ తండ్రి అడిగారు.

ఈ జవాబు తండ్రీ కొడుకులు ఇద్దరూ కలిసి చదవాలని నా మనవి. అబ్బాయి చెప్పేది అబద్ధం కాదు. మామూలు తీగలతో శ్రుతి దింపిన గిటారు నిజంగానే ముద్దగా మ్రోగుతుంది. అయితే అందుకు మొదటి కారణం చాలాసార్లు పికప్పు కాదు, గిటారు కూడా కాదు. ఆ కారణం ఏమిటో తెలిస్తే ఈ ఇంట్లో తగవు చాలా తక్కువ ఖర్చుతోనే తీరవచ్చు.

శ్రుతి దింపడం అంటే ఏమిటి?

గిటారుకు ఆరు తీగలు. అన్నిటికంటే లావైన తీగ నుండి సన్నని తీగ వరకు వాటి మామూలు శ్రుతి ఇ, ఏ, డి, జి, బి, ఇ. లావు తీగ ఒక సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. ఆ ఒక్క తీగను మాత్రం ఒక పూర్తి స్వరం క్రిందికి, అంటే డి వరకు దింపితే దానిని డ్రాప్ డి అంటారు. అప్పుడది సెకనుకు 73 సార్లు కంపిస్తుంది. ఆరు తీగలనూ ఒక స్వరం దింపి, లావు తీగను ఇంకొక స్వరం దింపితే డ్రాప్ సి. అప్పుడు లావు తీగ కంపనాలు 65 మాత్రమే.

ఎందుకిలా దింపుతారు? మన వీణను చూస్తే తేలికగా అర్థమవుతుంది. వీణకు ప్రక్కనుండే మూడు తాళపు తీగలను స, ప, పై స అనే శ్రుతికి కట్టుకుంటాము. డ్రాప్ శ్రుతిలో గిటారు మూడు లావు తీగలు సరిగ్గా అదే వరుసకు వస్తాయి: షడ్జం, పంచమం, పై షడ్జం. అప్పుడు ఒక్క వ్రేలిని మూడు తీగల మీద అడ్డంగా పరచి నొక్కితే చాలు, స-ప-స కలిసి మ్రోగుతాయి. దీనినే పవర్ కార్డ్ అంటారు. ఒకే వ్రేలిని జరుపుతూ పోతే ఎంత వేగమైన నడకనైనా వాయించవచ్చు.

ఇందులో గాంధారం ఉండదు. దానికి కారణం ఉంది. హెవీ రాక్‌లో ఆంప్లిఫయర్‌ను దాని హద్దు దాటేలా తోసి స్వరాన్ని గరుకుగా చేస్తారు. దానినే డిస్టార్షన్ అంటారు. అలా గరుకైన స్వరాలు ఒకదానితో ఒకటి కలిసి, మనం వాయించని క్రొత్త స్వరాలను పుట్టిస్తాయి. షడ్జ పంచమాల కంపనాలు 2కు 3 అనే తేలిక నిష్పత్తిలో ఉంటాయి కనుక అలా పుట్టిన స్వరాలు కూడా వాటితో ఇమిడిపోతాయి. గాంధారం చేరితే గజిబిజి మొదలవుతుంది. కాబట్టి ఈ సంగీతం కేవలం చెవులు బ్రద్దలయ్యే రొద అనుకునే పెద్దలు, దీని వెనుక ఒక లెక్క ఉన్నదని గ్రహించాలి. మంద్రంలో వాయించినంత మాత్రాన పాట చెడ్డదీ కాదు, మంచిదీ కాదు. 2003లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో మొదలైన ఆగస్ట్ బర్న్స్ రెడ్ అనే క్రైస్తవ యువకుల బృందం కూడా ఈ డ్రాప్ సి శ్రుతిలోనే ఎన్నో పాటలు వాయించింది.

అసలు చిక్కు ఎక్కడ?

తీగను దింపడమంటే వదులు చేయడమే. ఎంత వదులవుతుందో చాలామంది లెక్క వేసుకోరు. తీగ బిగువు దాని కంపనాల వర్గాన్ని బట్టి మారుతుంది. 82 నుండి 65కు దింపితే కంపనాలు ఐదవ వంతు మాత్రమే తగ్గినట్టు కనబడుతుంది గానీ, బిగువు మూడవ వంతుకు మించి పోతుంది. మామూలు ఎలక్ట్రిక్ గిటారు మీద లావు తీగ దాదాపు 8 కిలోల బలంతో లాగబడి ఉంటుంది. అదే తీగను సి వరకు దింపితే 5 కిలోలు మిగులుతుంది.

అంత వదులైన తీగను గట్టిగా మీటితే ఏమవుతుంది? మీటిన క్షణంలో తీగ బాగా సాగి స్వరం పైకి పోతుంది. తరువాత మెల్లగా తన చోటికి దిగుతుంది. వేగంగా వాయించేటప్పుడు అది దిగేలోగానే మరొక మీటు పడుతుంది. అంటే ఏ మీటూ అసలు శ్రుతిలో ఉండదు. అంతేకాదు, వదులు తీగ ఎక్కువ వెడల్పుగా ఊగి మెట్లకు తగులుతుంది. తీగల లాగుడు తగ్గినందున, నెక్ లోపల బిగించిన ఇనుప కడ్డీ నెక్‌ను వెనుకకు వంచుతుంది. అందువల్ల తీగలు మెట్లకు ఇంకా దగ్గరై జరజరమంటాయి. ఇవన్నీ కలిస్తేనే అబ్బాయి చెబుతున్న ఆ ముద్ద శబ్దం.

పికప్పు అనేది అయస్కాంతం చుట్టూ వేలాది చుట్లు సన్నని రాగి తీగ చుట్టిన ఒక చిన్న పెట్టె. ఉక్కు తీగ దాని మీద కంపించినప్పుడు ఆ రాగి చుట్టలో చిన్న విద్యుత్తు పుడుతుంది. అది ఆంప్లిఫయర్‌కు వెళ్ళి శబ్దమవుతుంది. అంటే తీగ ఎలా కంపించిందో దానినే పికప్పు చేరవేస్తుంది. శ్రుతి తప్పిన తీగను అది శ్రుతిలో పెట్టలేదు. ఎంత ఖరీదైన పికప్పు వేసినా వదులు తీగ వదులుగానే వినబడుతుంది. ఇంకా చెప్పాలంటే, మంచి పికప్పు ఆ తప్పును మరింత స్పష్టంగా వినిపిస్తుంది.

మొదటి మందు: లావు తీగలు

కంపనాలు తగ్గినా బిగువు నిలవాలంటే తీగ లావు పెరగాలి. తీగల లావును అంగుళంలో వెయ్యవ వంతులలో చెబుతారు. దుకాణాలలో మామూలుగా దొరికే సెట్టు 10 నుండి 46 వరకు ఉంటుంది. డ్రాప్ డి కోసం 10 నుండి 52 సెట్టు తీసుకోవచ్చు. డ్రాప్ సి కోసం 11-54, 12-56, 12-60 వంటి సెట్లు వాడతారు. లావు తీగ 46 బదులు 56 వేస్తే, సి శ్రుతిలో కూడా బిగువు మళ్ళీ 7 కిలోలు దాటుతుంది. ఆ తేడా చేతికి వెంటనే తెలుస్తుంది.

అయితే తీగలు మార్చడంతోనే పని అయిపోదు. ఇక్కడే చాలామంది యువకులు ఆగిపోయి, "లావు తీగలు వేశాను, అయినా బాగాలేదు" అంటారు. లావు తీగలు వేసిన గిటారును వాటికి తగినట్టు సర్దాలి. ఆ పనినే సెటప్ అంటారు. అందులో నాలుగు సంగతులు చూడాలి.

1. నట్. బిరడాల దగ్గర తీగలు కూర్చునే గాట్లు సన్నని తీగల కోసం కోసినవి. లావు తీగ అక్కడ ఇరుక్కుంటుంది. బిరడా త్రిప్పితే వెంటనే కదలదు, ఆ తరువాత ఒక్కసారిగా జారుతుంది. గాటును తగిన ఆకురాయితో కొద్దిగా వెడల్పు చేయాలి. లోతు మాత్రం పెంచకూడదు.

2. నెక్. లావు తీగను మొదటి మెట్టు మీద ఒక చేత్తో, చివరి మెట్టు మీద మరొక చేత్తో నొక్కి, ఏడవ మెట్టు దగ్గర చూడండి. తీగకూ మెట్టుకూ మధ్య ఒక విజిటింగ్ కార్డు దూరేంత సందు ఉంటే చాలు. అసలు సందు లేకపోయినా, మరీ ఎక్కువ ఉన్నా నెక్‌లోని కడ్డీని సరిచేయాలి. ఒక్కసారికి పావు చుట్టు మించి త్రిప్పకూడదు. తెలియనివారు దీని జోలికి పోకుండా, రిపేరు తెలిసిన మనిషి చేత చేయించుకోవడం క్షేమం.

3. తీగల ఎత్తు. గట్టిగా మీటేవారికి తీగలు మెట్లకు మరీ దగ్గరగా ఉండకూడదు. కొద్దిగా ఎత్తు ఉంటేనే స్వరం నిండుగా వస్తుంది.

4. స్వర స్థానం. పన్నెండవ మెట్టు మీద తీగను తేలికగా తాకి మీటితే ఒక స్వరం, అక్కడే నొక్కి మీటితే ఒక స్వరం వస్తాయి. ఫోనులో ట్యూనర్ పెట్టుకొని చూస్తే రెండూ ఒకటిగా ఉండాలి. నొక్కిన స్వరం ఎక్కువగా ఉంటే, బ్రిడ్జి మీద ఆ తీగ కూర్చునే చిన్న దిమ్మెను వెనుకకు జరపాలి. తక్కువగా ఉంటే ముందుకు జరపాలి.

తీగల సెట్టుకు, ఈ సర్దుబాటుకు అయ్యే ఖర్చు క్రొత్త గిటారు ధరలో చాలా చిన్న భాగం. కాబట్టి సహోదరా, ముందుగా ఈ ఖర్చు పెట్టండి.

వ్రేళ్ళు తెగిన కార్మికుడు

ఈ మంద్రపు గిటారు ఎక్కడ పుట్టిందో తెలుసుకోవడం యౌవనస్థులకు మేలు చేస్తుంది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరంలో టోనీ ఐయోమీ అనే పదిహేడేళ్ళ కుర్రవాడు రేకుల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. 1965లో, ఆ ఉద్యోగంలో అతని చివరి రోజున, యంత్రంలో పడి అతని కుడి చేతి రెండు వ్రేళ్ళ కొనలు తెగిపోయాయి. అతడు ఎడమ చేతివాటం వాడు కనుక, గిటారు తీగలను నొక్కవలసినది ఆ కుడి చేయే. ఇక వాయించలేనని అతడు క్రుంగిపోయినప్పుడు, ఫ్యాక్టరీ మేనేజరు అతనికి జాంగో రైన్‌హార్ట్ అనే విద్వాంసుని రికార్డు వినిపించాడు. ఆ విద్వాంసుడు 1928లో అగ్ని ప్రమాదంలో చేయి కాలి, ముఖ్యంగా రెండు వ్రేళ్ళతోనే వాయిస్తూ లోకప్రసిద్ధి పొందినవాడు.

ఐయోమీ ప్లాస్టిక్ సీసాను కరిగించి వ్రేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు. వాటి మీద తోలు అంటించాడు. గట్టి తీగలు నొక్కలేక, దొరికిన వాటిలో మిక్కిలి సన్నని తీగలు వేసుకున్నాడు. తరువాత అతని బృందం బ్లాక్ సబ్బత్ 1971లో విడుదల చేసిన మూడవ ఆల్బములో కొన్ని పాటలకు తీగలను ఒకటిన్నర స్వరం క్రిందికి దింపాడు. నొక్కడం తేలికైంది, శబ్దమూ బరువెక్కింది. ఆ బృందం పాటల సంగతి ఎలా ఉన్నా, నేటి హెవీ గిటారు వాయిద్యానికి ఆ శబ్దమే మూలం.

"మరి ఆయన సన్నని తీగలతోనే దింపి వాయించాడు కదా, లావు తీగలు ఎందుకు?" అని అబ్బాయి అడగవచ్చు. మంచి ప్రశ్నే. ఆ పాటలలో చాలావాటి నడక నిదానమైనది. ఒక్కొక్క స్వరం మ్రోగి నిలబడడానికి సమయం ఉంటుంది. పైగా ఆయన చేతికి అది తప్పనిసరి. ఈనాటి బృందాలు అరచేతి అంచును బ్రిడ్జి దగ్గర తీగల మీద ఆనించి, టక టక మని వేగంగా కొడతాయి. ఆ దెబ్బకు తట్టుకోవాలంటే తీగకు బిగువు కావాలి. ఎవరి పాటకు, ఎవరి చేతికి ఏది అవసరమో అదే సరైన తీగ.

క్రొత్త గిటారే కొనవలసి వస్తే

ఉన్న గిటారు మరీ నాసిరకమైనదైతే, లేక మొదటిసారిగా కొనేవారైతే, ఈ సంగీతానికి మూడు సంగతులు చూడండి.

మొదటిది తీగ పొడవు. నట్ నుండి బ్రిడ్జి వరకు ఉండే పొడవును స్కేల్ అంటారు. గిబ్సన్ రకపు గిటార్లకు అది దాదాపు 24.75 అంగుళాలు. ఫెండర్ రకానికి 25.5 అంగుళాలు. తేడా ముప్పాతిక అంగుళమే. కానీ అదే తీగ, అదే శ్రుతిలో, పొట్టి గిటారు మీద 6 శాతం తక్కువ బిగువుతో ఉంటుంది. 27 అంగుళాల పొడుగు గిటారు మీద 12 శాతం ఎక్కువ బిగువు వస్తుంది. బారిటోన్ అని పిలిచే ఇటువంటి గిటార్లు డ్రాప్ బి, డ్రాప్ ఏ వంటి మరీ లోతైన శ్రుతులకు తగినవి. డ్రాప్ సి వరకు 25.5 అంగుళాలు చక్కగా సరిపోతాయి. 24.75 అంగుళాల గిటారైతే తీగలు ఇంకొక మెట్టు లావు వేసుకుంటే సరి.

రెండవది బ్రిడ్జి. కదలని స్థిరమైన బ్రిడ్జి తీసుకోండి. స్ప్రింగుల మీద తేలుతూ ఉండే ఫ్లాయిడ్ రోజ్ వంటి బ్రిడ్జి దుకాణంలో ఆకర్షణీయంగా కనబడుతుంది. కానీ అది తీగల లాగుడుకూ స్ప్రింగుల లాగుడుకూ మధ్య త్రాసులా నిలిచి ఉంటుంది. ఒక తీగను దింపితే త్రాసు ఒరిగి మిగిలిన అయిదు తీగల శ్రుతీ మారిపోతుంది. తరచుగా శ్రుతి మార్చేవారికి అది పెద్ద తలనొప్పి.

మూడవది పికప్పు అమరిక. బ్రిడ్జి ప్రక్కన హంబకర్ రకం పికప్పు ఉన్న గిటారు చూడండి. ఎందుకో క్రింద చెబుతాను. దుకాణదారు కలప జాతి గురించీ, రంగు గురించీ ఎంత వర్ణించినా, ఈ మూడింటి తరువాతే వాటిని ఆలోచించండి. కొనేముందు ప్రతి తీగను ప్రతి మెట్టు మీద నొక్కి విని, ఎక్కడైనా మూగబోతున్నదేమో, జరజరమంటున్నదేమో చూసుకోండి. పాత గిటారు కొనేవారికి ఇది మరీ ముఖ్యం.

ఇప్పుడు పికప్పు సంగతి

తీగలు, సెటప్ సరిగా ఉన్న తరువాత కూడా లోపం మిగిలితే పికప్పు గురించి ఆలోచించడం న్యాయమే.

ఒకే చుట్ట ఉన్న పికప్పును సింగిల్ కాయిల్ అంటారు. అది తీగ కంపనాన్నే కాక ఇంట్లోని ట్యూబులైటు, ఫ్యాను రెగ్యులేటరు, కరెంటు తీగల నుండి వచ్చే రొదనూ పట్టుకుంటుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనుకకూ ఊగుతుంది కనుక ఆ 'బొయ్' మనే శబ్దం వినబడుతుంది. డిస్టార్షన్ పెంచేకొద్దీ ఆ రొద కూడా పెరిగి, పాట ఆగినప్పుడల్లా గదంతా నిండుతుంది. గిబ్సన్ కంపెనీలో ఇంజనీరైన సెత్ లవర్ 1955లో రెండు చుట్టల పికప్పుకు పేటెంటు కోరాడు. రెండు చుట్టలను ఎదురెదురు దిశలలో కలిపి, వాటి అయస్కాంత ధ్రువాలను కూడా తారుమారు చేస్తే, బయటి రొద ఒకదానికొకటి కొట్టివేసుకుపోతుంది. తీగ స్వరం మాత్రం రెండింతలై నిలుస్తుంది. రొదను అంటే 'హమ్'ను అణచేది కనుక హంబకర్ అని పేరు వచ్చింది. హెవీ వాయిద్యానికి ఇది దాదాపు తప్పనిసరి.

బ్రిడ్జి ప్రక్కనున్న పికప్పునే ఈ వాయిద్యానికి వాడాలి. అక్కడ తీగ తక్కువ వెడల్పుగా ఊగుతుంది. స్వరం పదునుగా వస్తుంది. నెక్ ప్రక్కన స్వరం గుండ్రంగా, బరువుగా వస్తుంది. మంద్ర శ్రుతిలో ఆ బరువే ముద్దగా మారుతుంది.

అయస్కాంతాలలో రెండు ముఖ్యమైన రకాలు ఉన్నాయి. అల్యూమినియం, నికెల్, కోబాల్టు కలిసిన ఆల్నికో ఒకటి, సిరామిక్ మరొకటి. సాధారణంగా సిరామిక్ పికప్పు శబ్దం బిగువుగా, కరుకుగా ఉంటుంది. ఆల్నికో కొంచెం మెత్తగా, స్వరం నిండుగా ఉంటుంది. 1972లో వచ్చిన డిమార్జియో సూపర్ డిస్టార్షన్ సిరామిక్ రకం. సేమూర్ డంకన్ కంపెనీ 'జెబి' ఆల్నికో రకం. రెండింటితోనూ హెవీ సంగీతం వాయించినవారు ఎందరో ఉన్నారు.

పెట్టె మీద వ్రాసిన కిలో ఓముల అంకెను చూసి, "ఎంత ఎక్కువైతే అంత బలం" అనుకోకండి. పాతకాలపు హంబకర్‌కు 8 కిలో ఓములు, బలమైన వాటికి 13 నుండి 17 వరకు ఉండడం మామూలే. కానీ రాగి తీగ సన్నబడినా ఆ అంకె పెరుగుతుంది. బలం అయస్కాంతం మీద కూడా ఆధారపడుతుంది. పైగా మరీ బలమైన పికప్పు మెల్లని మీటునూ గట్టి మీటునూ ఒకే ఎత్తుకు తెచ్చి, స్వరాల మధ్య తేడాను చెరిపివేస్తుంది. శ్రుతి ఎంత క్రిందికి పోతే స్పష్టత అంత అవసరం. బలం కోసం ఆంప్లిఫయర్ ఉండనే ఉంది.

ఇక యాక్టివ్ పికప్పులు. వీటిలో ఇఎమ్‌జి 81 బాగా పేరుపొందినది. దీని లోపల చిన్న ఆంప్లిఫయర్ ఉంటుంది. 9 వోల్టుల బ్యాటరీ కావాలి. రొద చాలా తక్కువ, శబ్దం బిగువుగా ఉంటుంది. కానీ రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గిటారుకు తీగ గుచ్చి ఉన్నంతసేపు బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది కనుక, వాయించడం అయిపోగానే తీగ పీకివేయాలి. రెండవది, లోపలి వాల్యూము కంట్రోళ్ళను కూడా మార్చాలి. మామూలు హంబకర్‌కు 500 కిలో ఓములది వాడితే, వీటికి 25 కిలో ఓములది కావాలి. ఆ ఖర్చునూ లెక్కలో వేసుకోండి.

ఉన్నది సింగిల్ కాయిల్ గిటారైతే చెక్కను తొలిపించి పాడుచేసుకోకండి. అదే కొలతలో ఇమిడే చిన్న హంబకర్లు దొరుకుతాయి.

పైసా ఖర్చు లేని పరీక్ష

బాబూ, ఇది నీకు. దుకాణానికి వెళ్ళకముందు మూడు పనులు చేసి చూడు. ఆంప్లిఫయర్ మీద గెయిన్ ఇప్పుడున్న దానిలో సగానికి తగ్గించు. బాస్ కూడా తగ్గించు, మధ్య స్వరాలను కొద్దిగా పెంచు. ఒంటరిగా వింటే పలుచగా అనిపిస్తుంది. కానీ నీ స్నేహితులతో కలిసి వాయించినప్పుడు తేడా తెలుస్తుంది. అడుగు బరువు మోసేది బాస్ గిటారు, డ్రమ్ము. ఆ చోటు వారికి వదిలితే నీ గిటారు స్పష్టంగా వినబడుతుంది.

తరువాత పికప్పు ఎత్తు చూడు. అది తీగలకు మరీ దగ్గరగా ఉంటే అయస్కాంతం తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది. చివరి మెట్టు మీద తీగ నొక్కి పట్టుకొని, పికప్పుకూ తీగకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లు ఉండేలా ప్రక్క మరలు త్రిప్పు. ఆ తరువాత మళ్ళీ విను.

ఇంకొక సంగతి. ఆదివారం పాటలకు మామూలు శ్రుతి, సాయంత్రం డ్రాప్ సి అంటూ ఒకే గిటారును అటూ ఇటూ మార్చుతుంటే నెక్ ఎక్కడా స్థిరపడదు, సెటప్ నిలవదు. రెండూ ఒకే గిటారుతో నడవాలంటే 10-52 తీగలతో డ్రాప్ డి వరకే ఆగు. అప్పుడు మార్చవలసింది ఒక్క లావు తీగనే. దానిని మళ్ళీ పైకి లాగితే ఆదివారానికి సిద్ధం. డ్రాప్ సి తప్పదనుకుంటే ఈ పాత గిటారును దానికే కేటాయించు. ఆరాధనకు సంఘంలో ఉన్న మామూలు గిటారును అడిగి వాయించు.

కరెంటు విషయంలో జాగ్రత్త

ఇది తల్లిదండ్రులు తప్పక చదవాలి. గిటారు తీగలు ఆంప్లిఫయర్ ద్వారా ఎర్తుకు కలిసి ఉంటాయి. ఇంట్లో ఎర్తింగ్ లేకపోయినా, మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను తీసివేసినా, ఆంప్లిఫయర్‌లో లోపం వచ్చిన రోజున కరెంటు తిన్నగా తీగల మీదికి వస్తుంది. గిటారు పట్టుకొని మైకుకు పెదవి ఆనించినప్పుడు షాకు కొట్టడం కూడా ఇందువల్లనే. సాధన చేసే గదిలో ఎర్తింగ్‌ను ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి పరీక్ష చేయించండి. గిటారు, మైకు పరికరాలు ఒకే చోటి నుండి కరెంటు తీసుకునేలా చూడండి. సాధన తరువాత చెవులలో గుయ్ మని మ్రోత మిగిలితే, వాల్యూము హద్దు మీరిందని గుర్తు.

సహోదరా, మీకు చివరిగా

మీ అబ్బాయి అడుగుతున్నది కేవలం వయసు కోరిక కాదు. తన చెవికి వినబడుతున్న లోపాన్ని సరిచేయాలని అడుగుతున్నాడు. లోపాన్ని గుర్తుపట్టే చెవి ఉండడం మంచి లక్షణమే. దానికి పేరు తెలియక పికప్పు అంటున్నాడు. కాబట్టి "డబ్బు లేదు" అని ఒక్క మాటతో త్రోసివేయకండి. చెల్లెలి ఫీజు సంగతి కూడా అతనితో విప్పి చెప్పండి. ఇంటి లెక్క తెలిసిన పిల్లవాడు ఇంటి మీద అలగడు.

ఈ నెల లావు తీగల సెట్టు, ఒక సెటప్. అంతే. వీలైతే రిపేరు మనిషి దగ్గరకు మీరూ కలిసి వెళ్ళండి. పని చేసేటప్పుడు అబ్బాయిని ప్రక్కన నిలబడి చూడమనండి, వచ్చేసారి అందులో సగం పని తానే చేసుకోగలడు. రెండు నెలలు అలా వాయించనివ్వండి. అప్పటికీ రొద తగ్గక, స్వరం విడివిడిగా వినబడకపోతే బ్రిడ్జి ప్రక్కన ఒక్క హంబకర్ మార్చండి. రెండు పికప్పులూ మార్చనక్కరలేదు. అందులో కొంత భాగం అతడే సంపాదించి పెట్టేలా మాట్లాడుకోండి. చిన్నపిల్లలకు గిటారు పాఠాలు చెప్పి అయినా ఆ డబ్బు కూడబెట్టవచ్చు. క్రొత్త గిటారు మాట, అతడు చదువు ముగించి తన జీతంతో కొనుక్కునే రోజుకు వదిలిపెట్టండి.

బాబూ, అన్నం మీద అలగకు. ముందు తీగలు మార్చి చూడు. ఏమైందో నాకు ఉత్తరం వ్రాయి. నీలాంటి ప్రశ్న ఉన్న ఇతర యౌవనస్థులకు కూడా అది ఉపయోగపడుతుంది.